పండు టమాటాలతో వేసవి సలాడ్: మధ్యాహ్నానికి నీరైపోతోంది, ఏం చేయాలి?

గుణుపురం కోడలు, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. పక్కింటివాళ్ళు పొలంలో కోసిన టమాటాలు ఒక బుట్టెడు ఇచ్చారు, బాగా పండినవి, చేత్తో పట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. ఇక్కడ పదకొండు దాటితే వీధిలో మనిషి కనపడట్లేదు, పొయ్యి దగ్గర నిలబడే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. మామగారికి మధ్యాహ్నం చద్దన్నం ఉంటే చాలు, పక్కన చల్లగా పుల్లగా ఏదైనా ఉండాలి. అందుకని మూడు రోజులుగా సలాడ్ చేస్తున్నాను, మూడు రోజులూ పాడైంది.

నేను చేసే పద్ధతి రాస్తాను, తప్పెక్కడో చెప్పండి. పదింటికి టమాటాలు, ఉల్లిపాయ, కీరా సన్నగా తరిగి, ఉప్పు, నిమ్మరసం, పచ్చిమిర్చి కలిపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతున్నాను. ఒంటిగంటన్నరకి తీసేసరికి గిన్నెలో సగం నీళ్ళు, ముక్కలు వడిలిపోయి, ఫ్రిజ్ తలుపు తీస్తే ఉల్లిపాయ వాసన. మామగారు ఒక్క మాట అనరు, గిన్నె పక్కకి జరిపేస్తారు అంతే. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది. పొయ్యి వెలిగించక్కర్లేకుండా, ఇంట్లో ఉన్నవాటితో అయ్యే పద్ధతి కావాలి.

పర్లాకిమిడి అక్క, 9:34

అమ్మా, నీ తప్పు ఒక్కటే, ఉప్పు పదింటికి వేయడం. ఉప్పు తగిలితే టమాటా లోపలి నీరంతా బయటికి లాగేస్తుంది, ఆవకాయ ముక్కల్లో ఊట ఊరినట్టే. మూడున్నర గంటలు ఊరితే ముక్కలో ఇంకేం మిగులుతుంది. కీరా కూడా అంతే, అది ఇంకా ఎక్కువ నీరు వదులుతుంది. ముక్కలు తరగడం, ఉప్పు వేయడం, నిమ్మకాయ పిండడం, మూడూ కంచాలు పెట్టాకే చెయ్యి. ఐదు నిమిషాల పని.

ఇంకో సంగతి, కీరా గింజల భాగం చెంచాతో గీకి తీసెయ్యి. టమాటా గింజలు మాత్రం తియ్యకు.

రాయగడ రైతు, 10:02

అక్క చెప్పింది నిజమే కానీ నేను టమాటా దగ్గర నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే సలాడ్ సగం అక్కడే తేలిపోతుంది. మాకు నాగావళి పక్కన కొంచెం భూమి ఉంది, ఏటా టమాటా వేస్తాం. మాఘ, ఫాల్గుణ మాసాల్లో అందరి పంటా ఒకేసారి సంతకు వస్తుంది, అప్పుడు కిలో ధర చెప్పుకోవడానికి కూడా బాధేస్తుంది, మిగిలింది పశువులకు వేసిన రోజులున్నాయి. ఎండలు ముదిరాక కాయ తగ్గుతుంది, పూత రాలిపోతుంది, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పిందె నిలవదు. అందుకే ఇప్పుడు ఎవరైనా బుట్టెడు పండు టమాటాలు ఇచ్చారంటే అది చిన్న విషయం కాదమ్మా.

సలాడ్‌కి గీతలు గీతలుగా ఉండే నాటు టమాటా వేరు, కోడిగుడ్డు ఆకారంలో తోలు మందంగా ఉండే హైబ్రిడ్ వేరు. హైబ్రిడ్ లారీలో దూరం పోవడానికి పనికొస్తుంది, దాని కండ గట్టిది, నీరు తక్కువ, ముక్క చెక్కుచెదరదు, కానీ పులుపూ వాసనా తక్కువ. నాటుది పుల్లగా రసంతో నిండి ఉంటుంది, తోలు పల్చన, రెండు రోజులు ఆగదు. మీకు ఇచ్చింది ఏ రకమో చెప్పండి. మా వైపు ఉత్కళ కుమారి అని భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇచ్చిన రకం కూడా కొందరు వేస్తారు, మొక్క ఉన్నపళంగా వాడి చచ్చిపోయే తెగులుని అది తట్టుకుంటుంది.

ముఖ్యమైన మాట: పండు టమాటాని ఫ్రిజ్‌లో పెట్టకండి. 12 డిగ్రీల కంటే చల్లబడితే టమాటాకి వాసన పుట్టడం ఆగిపోతుంది, కండ పిండి పిండిగా అవుతుంది. నీడగా గాలి తగిలేచోట, వెడల్పు చేటలోనో పళ్ళెంలోనో, తొడిమ వైపు కిందకి పెట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంచండి. మరీ మెత్తబడి ఇవాళ కాకపోతే రేపటికి కుళ్ళిపోతాయనుకున్నవి మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి, తినే గంట ముందు బయటికి తీయండి.

గుణుపురం కోడలు, 10:15

నాటువే బాబాయ్, గీతలు ఉన్నాయి. బుట్టలోనే ఒకదాని మీద ఒకటి ఉంచేశాను, ఇప్పుడే చేటలోకి తీశాను. కింద రెండు పగిలిపోయి ఉన్నాయి.

జయపురం బాబాయ్, 10:41

నేను పర్లాకిమిడి అక్కతో ఒప్పుకోను. ఉప్పు ఆఖర్లో వేస్తే అది పైపైన ఉంటుంది, నాలిక మీద ఉప్పగా తగులుతుంది, ముక్క లోపల చప్పగానే ఉంటుంది. నేను ఇరవై ఏళ్ళుగా చేసే పద్ధతి చెప్తాను. టమాటాలు పెద్ద ముక్కలుగా కోసి, అరకిలోకి ముప్పావు చెంచా ఉప్పు చల్లి, చిల్లుల గిన్నెలో వేసి కింద ఇంకో గిన్నె పెట్టి ఒక పావుగంట వదిలెయ్యాలి. వదలాల్సిన నీరు అప్పుడే వదిలేస్తుంది, ముక్క గట్టిపడి రుచి చిక్కబడుతుంది. తర్వాత కంచంలో నీరు కారదు. ఈ అమ్మాయి చేసిన తప్పు ఉప్పు ముందు వేయడం కాదు, వేశాక ఆ నీళ్ళలోనే ముక్కల్ని మూడు గంటలు నానబెట్టడం.

పర్లాకిమిడి అక్క, 10:58

అన్నయ్యగారూ, మీరు పారబోసే ఆ నీటిలోనే కదా టమాటా రుచంతా ఉన్నది. గింజల చుట్టూ ఉండే జిగురులోనే గ్లుటమేట్ ఎక్కువ, కండలో కంటే ఎక్కువ, మనం కమ్మగా ఉంది అని అనేది దాన్నే. అందుకే గింజలు తియ్యొద్దని చెప్పాను. మీ పద్ధతిలో అది గిన్నె అడుక్కి పోతుంది. నాకు ఆ వృథా నచ్చదు.

జయపురం బాబాయ్, 11:06

పారబోస్తానని ఎవరన్నారమ్మా? ఆ కింద గిన్నెలో దిగిన రసమే నా సలాడ్‌కి ప్రాణం. దాన్లోనే నిమ్మరసం అరచెక్క పిండి, చెంచాడు నూనె వేసి, ఒక పచ్చిమిరపకాయ నలిపి, బాగా గిలకొట్టి, తినే ముందు ముక్కల మీద పోస్తాను. అక్కర్లేనంత వస్తే సాయంత్రం చారులోకి. మా ఇంట్లో ఒక్క చుక్క పోదు.

పర్లాకిమిడి అక్క, 11:09

అలాగైతే సరే. ఇది నేనూ చేసి చూస్తాను. తొందరగా అయిపోవాలంటే మాత్రం నా పద్ధతే.

సిరోంచ మాస్టారు, 11:30

నేను గడ్చిరోలి జిల్లా వాడిని, ప్రాణహిత ఒడ్డున ఉంటాం, అవతల కాళేశ్వరం. మా ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు, మే నెలలో 45 దాటడం మామూలే. మా వీధిలో సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో మరాఠీ, వంటలు మాత్రం గోడలు దాటి తిరుగుతుంటాయి. మేము ఈ కాలంలో రోజూ చేసేది టమాటా కోశింబీర్. ఇందులో నీటి సమస్యకి మందు లోపలే ఉంది, వేయించి పొట్టు తీసి బరకగా దంచిన పల్లీల పొడి, మరాఠీవాళ్ళు శేంగ్‌దాణ్యాచా కూట్ అంటారు. నాలుగు టమాటాలకి రెండు పెద్ద చెంచాల పొడి. అది టమాటా వదిలిన రసాన్ని పీల్చుకుని ముక్కలకి పట్టుకుంటుంది, నీరు కారినా గిన్నె అడుగున చిక్కటి గుజ్జులా ఉంటుందే కానీ నీళ్ళలా ఉండదు. దాంతో పాటు కొత్తిమీర, పచ్చిమిర్చి, చిటికెడు పంచదార. పంచదార మానకండి, నాటు టమాటా పులుపుకి అది కావాలి.

పొయ్యి వద్దన్నారు కాబట్టి పోపు లేకుండానే బాగుంటుంది. వెలిగించగలిగిన రోజున చెంచా నూనెలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు చిటపటలాడించి మీద పోయండి, ఒక్క నిమిషం పని. పొడి మాత్రం మెత్తగా దంచకండి, నూనె బయటికి వచ్చి ముద్దయిపోతుంది. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పాలి.

గుణుపురం కోడలు, 11:48

మాస్టారూ, పల్లీలు ఇంట్లో ఉన్నాయి, ముందురోజు రాత్రి చల్లబడ్డాక వేయించి పెట్టుకోవచ్చు. ఇది నాకు బాగా నచ్చింది.

ఇంకొక సందేహం అక్కా. మామగారు చిన్నప్పటి నుంచి ఒడియా ఇళ్ళ మధ్య పెరిగారు, చద్దన్నంలోకి పచ్చి ఆవనూనె కావాలంటారు. సలాడ్‌లో ఆవనూనె వేయొచ్చా? నాకు ఆ ఘాటు అలవాటు లేదు. మా పుట్టింట్లో నువ్వుల నూనె తప్ప తెలియదు, మాది సాలూరు వైపు.

బరంపురం సిస్టర్, 12:05

వేయొచ్చు, బాగా ఉంటుంది. బరంపురంలో పఖాళ (ఒడియావాళ్ళ చద్దన్నం) పక్కన ఏ ఇంట్లో చూసినా పచ్చి ఆవనూనె వాసన వస్తుంది. నలుగురికి ఒక చిన్న చెంచా, అంతకు మించితే టమాటా కనపడదు. అలవాటు లేనివాళ్ళకి సగం ఆవనూనె, సగం నువ్వుల నూనె కలిపి మొదలుపెట్టండి. నూనె అసలు లేకుండా మాత్రం చేయకండి, టమాటాకి ఎర్రరంగు ఇచ్చే లైకోపీన్ ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు తోడు ఉండాలి.

నేను ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. కోసిన టమాటా ఈ ఎండలో బల్ల మీద గంటకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో అదే హద్దు. కోయని పండు బయట, కోసిన ముక్క ఫ్రిజ్‌లో, లేకపోతే వెంటనే పొట్టలో. వేసవిలో పెళ్ళి భోజనాల తర్వాత వాంతులు, విరేచనాలతో వచ్చేవాళ్ళని చూస్తుంటాను, పొద్దున్నే కోసి డేక్సాల్లో పెట్టిన సలాడ్ తిన్నామని చాలామంది చెప్తారు. టమాటాలు కోయకముందే కడగాలి, పారే నీళ్ళలో, చేత్తో రుద్ది. కోశాక కడిగితే రసం పోతుంది, పైనున్న మట్టి లోపలికి పోతుంది.

టమాటా గింజలు తింటే కిడ్నీలో రాళ్ళు వస్తాయని మీ ఇంట్లో ఎవరైనా అంటే భయపడకండి. రాళ్ళ విషయంలో పేరు చెప్పాల్సింది పాలకూర, దాంతో పోలిస్తే టమాటాలో రాళ్ళు కట్టించే ఆక్సలేట్ చాలా తక్కువ. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్ళు మాత్రం అడిగి తినాలి, అది వేరే విషయం.

కొరాపుట్ హాస్టల్, 12:20

అన్నయ్యలూ అక్కలూ, నేను హాస్టల్‌లో ఉంటాను. చాకు ఒకటి, స్టీలు గిన్నె ఒకటి ఉన్నాయి. చాకు మొద్దు, టమాటా కోస్తే చితికిపోతుంది. ఉల్లిపాయ పచ్చిది తింటే క్లాసులో నోరు విప్పలేను. నాకేమైనా దారి ఉందా?

జయపురం బాబాయ్, 12:32

ఉంది తమ్ముడూ. బ్రెడ్ కోసే రంపపు పళ్ళ చాకు చిన్నది ఒకటి కొనుక్కో, టమాటా తోలు మీద జారకుండా దిగుతుంది. మా అమ్మ కత్తిపీట మీద కోసేది, ఒడియావాళ్ళ పనికి కూడా అలాంటిదే, ఆ ఒంపు కత్తికి టమాటా ఒక్క చుక్క కారకుండా తెగేది. తొడిమ దగ్గర నుంచి కిందకి నిలువుగా కోసుకో, అడ్డంగా కోస్తే గింజల గదులన్నీ తెరుచుకుని రసం పోతుంది.

ఉల్లిపాయ సన్నగా తరిగి ఉప్పు వేసిన చల్లటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి పిండెయ్యి, ఘాటు చాలా మటుకు నీళ్ళలోకి దిగిపోతుంది. అయినా భయమైతే ఉల్లిపాయ మానెయ్, పచ్చి మామిడికాయ కోరు వేసుకో. నిమ్మకాయ కూడా అక్కర్లేదు అప్పుడు.

కొరాపుట్ హాస్టల్, 12:35

పచ్చి మామిడి! ఇది ఇప్పటిదాకా తట్టలేదు. థాంక్స్ బాబాయ్.

బరంపురం సిస్టర్, 12:51

గుణుపురం అమ్మాయికి ఇంకోటి. మామగారికి ఒడియా రుచి అలవాటంటే, ఒక రోజు బిలాతి బైగణ పోడా చేసి పెట్టండి. బైగణ అంటే వంకాయ, బిలాతి అంటే సీమ నుంచి వచ్చింది, అంటే మన సీమ వంకాయే, టమాటాయే, పోడా అంటే కాల్చింది. పేరు పెట్టడంలో వాళ్ళూ మనమూ ఒకే దారి పట్టాం. మా అమ్మమ్మ అయితే టమాటా అనేదే కాదు, రామములక్కాయ అనేది. దీనికి మంట కావాలి కానీ వంట అక్కర్లేదు, పొద్దున్న టీ పెట్టినప్పుడు అదే మంట మీద నాలుగు టమాటాలు తోలు నల్లబడేదాకా కాల్చి, తోలు ఊడదీసి, వెల్లుల్లి రెండు రేకలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, ఉప్పు, ఆవనూనె వేసి చేత్తో నలపాలి. గరిటెతో కాదు, చేత్తో. పగిలిన టమాటాలు ఉన్నాయన్నారు కదా, అవి సలాడ్‌కి పనికిరావు, అప్పుడే పగిలి వాసన బాగున్నవైతే దీనికి వాడేయండి. పగులు దగ్గర బూజు కనపడితే మాత్రం మొత్తం పారేయాలి, ఆ ముక్క ఒక్కటే కోసేస్తే సరిపోదు.

పర్లాకిమిడి అక్క, 1:04

ఇది చదువుతుంటే నోరూరుతోంది. మేము దీని మీద వడియాలు నలిపి చల్లుకుంటాం, ఒడియావాళ్ళ బడి చూర లాగా. పచ్చి సలాడ్ మీద కూడా చల్లొచ్చు, కానీ నోట్లో పెట్టుకునే ముందే, ముందు చల్లితే మెత్తబడిపోతాయి.

రాయగడ రైతు, 1:20

చోడి (రాగి) అంబలి తాగేవాళ్ళు ఉన్నారా ఇక్కడ? మా ఇంట్లో పొలం నుంచి వచ్చాక అంబలి, దాంట్లో నంజుకోవడానికి ఉప్పు రాసిన టమాటా ముక్క, ఒక పచ్చి ఉల్లిపాయ. కొండల మీద వాళ్ళు మండియా పేజ్ అంటారు అంబలిని. నేను చూసినంతవరకు ఇంతకంటే సాదా సలాడ్ లేదు, ఇంతకంటే బాగున్నదీ లేదు.

సిరోంచ మాస్టారు, 1:26

మా దగ్గర జొన్న అంబలి. మిగతాది అచ్చం మీరు చెప్పినట్టే.

గుణుపురం కోడలు, మర్నాడు మధ్యాహ్నం 2:40

అందరికీ చెప్పాలని భోజనాలు కాగానే కూర్చున్నాను. ఇవాళ రెండు గిన్నెల్లో చేశాను. ఒకటి పర్లాకిమిడి అక్క పద్ధతి, కంచాలు పెట్టాక తరిగి ఉప్పు వేసింది. ఇంకొకటి జయపురం బాబాయ్ పద్ధతి, పావుగంట చిల్లుల గిన్నెలో ఉంచింది. ఆరు టమాటాలకి కింద గిన్నెలో చిన్న టీ గ్లాసుకి సగం రసం దిగింది, అంత వస్తుందని అనుకోలేదు. దాంట్లో నిమ్మరసం, అర చెంచా ఆవనూనె, అర చెంచా నువ్వుల నూనె, పచ్చిమిర్చి వేసి గిలకొట్టాను. ఉల్లిపాయ నానబెట్టి పిండాను, ఇవాళ వాసన లేదు. మాస్టారి పల్లీల పొడి రెండు గిన్నెల్లోనూ పైన వేశాను. కీరా ఈసారి వేయలేదు, టమాటానే తినాలనిపించింది.

అత్తయ్యకి అక్క గిన్నె నచ్చింది, పుల్లగా తాజాగా ఉందన్నారు. నాకూ అదే నచ్చింది. కానీ దాంట్లో చివరికి కొంచెం నీరు వచ్చింది, పల్లీల పొడి వల్ల పాయసంలా చిక్కగా ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మామగారు మాత్రం బాబాయ్ గిన్నె దగ్గరికి లాక్కున్నారు. ఆవనూనె వాసన తగలగానే తల ఎత్తి చూశారు. చద్దన్నంలో కలుపుకుని తిని, గిన్నె అడుగున రసం కూడా వంచుకున్నారు. తర్వాత ‘రేపు రామములక్కాయలు ఇంకో రెండు ఎక్కువ కొయ్యమ్మా’ అన్నారు. మా ఇంట్లో ఆ మాట నేను వినడం ఇదే మొదటిసారి, సిస్టర్ గారు నిన్న రాసినందుకు నాకు వెంటనే అర్థమైంది.

పగిలిన రెండూ పొద్దున్నే కాల్చాను. అవి రాత్రికి.

జయపురం బాబాయ్, 2:52

చాలా సంతోషం అమ్మా. రేపు ఉప్పు అర చెంచాతో మొదలుపెట్టు, ఆయన పెద్దవారు కదా, బీపీ ఏమైనా ఉంటే ముప్పావు ఎక్కువవుతుంది. రసం చిక్కబడ్డాక ఉప్పు ఎలాగూ తెలుస్తుంది.

గుణుపురం కోడలు, 3:05

బీపీ మాత్ర వేసుకుంటారు బాబాయ్, మంచి మాట చెప్పారు, తగ్గిస్తాను. రాయగడ బాబాయ్, ఒక్క ప్రశ్న. ఈ నాటు రకం మళ్ళీ దొరుకుతుందో లేదో అని భయంగా ఉంది. గింజలు దాచుకుని పెరట్లో వేసుకోవచ్చా?

రాయగడ రైతు, 3:31

తప్పకుండా. నాటుది కాబట్టి గింజ వేస్తే అదే కాయ వస్తుంది, హైబ్రిడ్ అయితే అలా రాదు. బాగా పండిన, తెగులు లేని రెండు కాయలు తీసుకోండి. గింజలు జిగురుతో సహా గాజు గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్ళు పోసి, పైన గుడ్డ కట్టి రెండు రోజులు ఉంచండి. కొంచెం వాసన వస్తుంది, పైన తెట్టు కడుతుంది, అది కావాలి, ఆ జిగురు విడిపోకపోతే గింజ సరిగా మొలవదు. తర్వాత నాలుగైదుసార్లు కడిగితే మంచి గింజ అడుక్కి దిగుతుంది, తాలుది పైకి తేలుతుంది, తేలినవి వంచేయండి. స్టీలు పళ్ళెంలో నీడన ఆరబెట్టండి, కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి, ఎండలో వద్దు. గలగలమన్నాక కాగితం పొట్లంలో కట్టి, పైన రకం పేరూ నెలా రాసి, తడి తగలని డబ్బాలో పెట్టండి. వానలు తగ్గుముఖం పట్టాక నారు పోసుకుంటే సంక్రాంతి దాటేసరికి కాయలు కోయొచ్చు. ఇచ్చిన పక్కింటివాళ్ళకి కూడా ఒక పొట్లం ఇవ్వండి, పొలం గింజ ఏ ఏడాదైనా పోవచ్చు.